కొలత లేని సున్నిపిండి

పసుపు పెడితే గాయం మానుతుందన్న సంగతి అమెరికా ప్రభుత్వానికి 1995 మార్చి 28న అధికారికంగా తెలిసింది. ఆ రోజు మిసిసిపి విశ్వవిద్యాలయం వారి వైద్య కేంద్రానికి 5,401,504 నంబరుతో ఒక పేటెంటు మంజూరైంది. పసుపు పొడిని గాయం మీద వెయ్యడం, కడుపులోకి ఇవ్వడం, తద్వారా గాయాన్ని మాన్పడం - ఇదీ కనిపెట్టిన విషయం. కనిపెట్టినవారు సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ. ఆ పేర్లు చూసి మీరేమనుకుంటున్నారో నేనూ సరిగ్గా అదే అనుకున్నాను.

తర్వాతి కథ చాలామందికి తెలుసు. మన సి.ఎస్.ఐ.ఆర్. (అప్పటి డైరెక్టర్ జనరల్ మాషేల్కర్ గారు) 1996లో ఆ పేటెంటుని మళ్ళీ పరిశీలించమని అడిగింది. 1997లో పేటెంటు ఆఫీసు తన పొరపాటు ఒప్పుకుంది. పేపర్లలో మొదటి పేజీ వార్త, 'హల్దీఘాటీ యుద్ధం గెలిచాం' అని హిందీ వాళ్ళ చమత్కారాలు. నాకు మాత్రం గెలవడం కన్నా గెలిచిన పద్ధతి ఆసక్తిగా అనిపిస్తుంది. దాని గురించి మనవాళ్ళు ఎక్కువ మాట్లాడుకోరు.

అప్పటి అమెరికా చట్టంలో ఒక తమాషా ఉంది. ఒక విషయం కొత్తది కాదని నిరూపించాలంటే దారులు రెండు. అది అమెరికాలో ముందే నలుగురికీ తెలిసి గానీ, వాడుకలో గానీ ఉండాలి. లేదా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. అంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో నలుగురూ పసుపు వాడుతున్నారంటే అది సాక్ష్యం. ఏలూరులో ఊరు ఊరంతా వెయ్యేళ్ళుగా వాడుతున్నా అది సాక్ష్యం కాదు, ఎవరో ఒకరు కాగితం మీద పెడితే తప్ప. (ఈ తేడా 2013లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాకే పోయింది.) అందుకని సి.ఎస్.ఐ.ఆర్. వాళ్ళు దేశంలోని అమ్మమ్మలందర్నీ వదిలేసి పుస్తకాల మీద పడ్డారు. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రికలో వచ్చిన ఒక వ్యాసం, అన్నీ కలిపి 32 ఆధారాలు పట్టుకెళ్ళి చూపించారు. ఆ దెబ్బతోనే 2001లో సంప్రదాయ విజ్ఞానాన్నంతా కంప్యూటర్లోకి ఎక్కించే పెద్ద భాండాగారం పని మొదలైంది. మంచి పనే. కానీ అందులోకి ఎక్కేవి ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథాల్లో ఉన్నవి. గ్రంథంలో లేనిది అక్కడా లేదు.

నేను బతుకుతున్న వృత్తిలో ఇది రోజూ చూసే వ్యవహారమే. ఒక బ్యాంకు సిస్టమ్‌లో ఇరవై ఏళ్ళుగా ఒక పెద్దాయన మాత్రమే చేస్తున్న పని ఉంటుంది. ఎక్కడా రాసి ఉండదు. ఆయన రిటైరయ్యాక మాలాంటి కన్సల్టెంట్లని పిలుస్తారు. మేము వచ్చి, మాకు అర్థమైనంత రాసి, మా పేరు పెట్టుకుని, బిల్లు పంపిస్తాం.

వంటింట్లో దొరికే వస్తువులతో ఒంటిని చూసుకునే విద్యకి కూడా అచ్చం ఇలాగే జరిగిందని నా అనుమానం. తెలిసినవాళ్ళు రాయలేదు. రాసినవాళ్ళు వేరేవాళ్ళు. రాసిన ప్రతివాడూ తన అవసరం కొద్దీ దాన్ని కొంచెం మార్చాడు.

అసలు ఎవరూ రాయలేదా అంటే, రాశారు. రాజుల స్నానాల గురించి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాల తయారీకి ఒక అధ్యాయమే కేటాయించాడు, తలకి వేసుకునే రంగుతో సహా. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో స్నానాన్ని ఒక భోగంగా లెక్కించి, పరిమళ తైలం పట్టించడం, ఆపైన నలుగు పెట్టి జిడ్డు వదల్చడం వర్ణించాడు. అప్పటికి కాకతీయులు ఆ చాళుక్యులకి సామంతులే, కాబట్టి అనుమకొండలోనూ ఇంచుమించు ఇలాంటి వైభోగమే నడిచి ఉంటుందని ఊహించుకోవచ్చు. బాగానే ఉంది. కానీ రాజు గారి ఒంటికి రాసిన పిండిని విసిరినదెవరు? తిరగలి దగ్గర కూర్చున్నామె పుస్తకం రాయలేదు.

మా ఇంట్లో ఆ తిరగలి దగ్గర కూర్చున్నది పెద్దమ్మమ్మ. అంటే మా అమ్మమ్మకి అక్క. దుగ్గిరాలకి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. దుగ్గిరాల పసుపు యార్డు సంగతి తెలిసినవాళ్ళకి మా ఊళ్ళో గాలి ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. ఎనిమిది తొమ్మిది నెలల పంట, ఎండలు మొదలయ్యే రోజుల్లో తవ్వి, పెద్ద పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి, కళ్ళాల్లో రెండు వారాలు ఎండబోసి, మెరుగు పట్టి, కొమ్ములు వేరు కాయలు వేరు చేసి బస్తాలకెత్తేవారు. ఆ ఉడుకుతున్న వాసన కొత్తవాళ్ళకి తల తిప్పుతుంది. మాకు మాత్రం అది సంక్రాంతి అయిపోయిందనడానికి గుర్తు.

సరే, సున్నిపిండి. దీని గురించి ఇప్పుడు యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు ఒక ముఖ్యమైన ముక్క వదిలేస్తున్నారు. సున్నిపిండి దానంతటది సౌందర్య సాధనం కాదు. అది నూనెకి విరుగుడు. ముందు ఒంటి నిండా నువ్వుల నూనె, అది ఇంకేదాకా ఎండపొడలో కూర్చోబెట్టడం, ఆ తర్వాత ఈ పిండితో నలిచి జిడ్డు తియ్యడం. పిండి నూనెని పీల్చుకుంటుంది. పప్పుల్లో సపోనిన్లు కాసిని ఉంటాయి కాబట్టి ఓ మాదిరి సబ్బు పని చేస్తుంది. బరకగా ఉంటుంది కాబట్టి మురికిని దొర్లిస్తుంది. అలాగని సబ్బులాగా చర్మంలో ఉన్న నూనెంతా లాగెయ్యదు. మన చర్మం కొద్దిగా ఆమ్లగుణం కలది, పీహెచ్ అయిదు చుట్టుపక్కల ఉంటుంది. మామూలు సబ్బు తొమ్మిదీ పదీ, అంటే బాగా క్షారం. సబ్బుతో కడుక్కున్నాక మొహం బిగుసుకుపోయినట్టుండేది అందుకే. పిండితో ఆ బాధ లేదు.

నూనె తీసేసి వట్టి సున్నిపిండి రోజూ రుద్దుకుని, ఒళ్ళు పొడిబారిపోయిందని వాపోయేవాళ్ళని ఇక్కడ చాలామందిని చూశాను. సగం ప్రోగ్రాము నడిపితే సగం ఫలితమే వస్తుంది మరి.

ఇది రోజువారీ వ్యవహారం కూడా కాదు. పసిపిల్లలకి రోజూ, మిగతావాళ్ళకి వారానికోసారి, పండక్కి, నరక చతుర్దశి తెల్లవారుజామున, పెళ్ళిలో మంగళస్నానానికి. ఒంటికి నలుగు పెడితే రాలిన ఉండలు ఎన్ని ఉంటాయో తెలిసిన జాతి కాబట్టే, పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మని చేసి ప్రాణం పోసిందన్న వినాయకుడి కథ మనకి ఏమాత్రం వింతగా అనిపించదు. ఆలోచించి చూడండి, సబ్బు వాడే దేశంలో ఆ కథ పుట్టేదా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 'మన పూర్వీకులందరూ' సున్నిపిండితో స్నానం చేశారనడం ఉత్త మాట. పెసలు, శనగపప్పు తినడానికి పుష్కలంగా ఉన్న ఇళ్ళల్లోనే వాటిని ఒంటికి రుద్దుకోవడం కుదురుతుంది. మా ఊళ్ళోనే కాలవ ఒడ్డున ఒండ్రుమట్టితో ఒళ్ళు తోముకునేవాళ్ళు, బీరపీచుతో సరిపెట్టుకునేవాళ్ళు సగం మంది. బట్టలకి చవుడు మట్టి ఎలాగూ ఉండేది. ముల్తానీ మట్టి కొత్తగా కనిపెట్టిందేం కాదు. మట్టికి ఊరి పేరు తగిలిస్తే ధర పలుకుతుంది, అంతే.

ఇహ పసుపు. పెద్దమ్మమ్మకి పద్నాలుగో ఏట భర్త పోయాడు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి యాభై ఏళ్ళయింది, అయినా మా వాళ్ళదాకా ఆ గాలి రాలేదు. ఆవిడకి పసుపు నిషిద్ధం. మొహానికీ, కాళ్ళకీ, తాళికీ, గడపకీ, పేరంటానికీ పసుపు రాసే ఊళ్ళో, ఊరి చుట్టూ పసుపే పండే చోట, పసుపు ముట్టుకోకూడని మనిషి ఇంటిల్లిపాదికీ సున్నిపిండి తయారు చేసేది. ఆవిడ పద్ధతి నాకు బాగా గుర్తు. పప్పులూ వేళ్ళూ అన్నీ విసిరి, జల్లించి, పసుపు కలపకముందే ఒక చిన్న డబ్బాలోకి తనకి కాస్త తీసి పక్కన పెట్టుకునేది. ఆ తర్వాత అమ్మమ్మ వచ్చి పసుపు కలిపేది.

పసుపుని 'సహజసిద్ధమైన యాంటీసెప్టిక్' అని మాత్రమే పిలిచేవాళ్ళకి ఈ డబ్బా సంగతి తెలియదు. ఎవరి చర్మానికి ఏది మంచిదో నిర్ణయించింది చర్మం కాదు. కుర్కుమిన్ని 1815లోనే వోగెల్, పెల్టియే అనే ఇద్దరు ఫ్రాన్సులో వేరుచేశారు. 1910లో దాని అణువు ఆకారం కూడా తేల్చారు. సున్నం తగిలితే అది ఎర్రబడుతుంది, మనం హారతికి తిప్పే ఎర్రనీళ్ళు అవే. ఎండకి వెలిసిపోతుంది, పసుపు మరక పడ్డ చొక్కాని ఎండలో ఆరేస్తే పోయేది అందుకే. ఇంత తెలిసిన రసాయన శాస్త్రానికి పెద్దమ్మమ్మ ఒంటికీ అమ్మమ్మ ఒంటికీ తేడా మాత్రం కనబడదు.

ఇదంతా దుబాయిలో కూర్చుని ఎందుకు తవ్వుతున్నానంటే, ఇక్కడికొచ్చాక చాలా సంగతులు కొత్త వెలుగులో కనిపించాయి. మేముండేది అల్ వర్సాన్‌లో, ఇంటర్నేషనల్ సిటీ. ఎరగనివాళ్ళ కోసం: ఇక్కడ భవనాల గుంపులకి దేశాల పేర్లు. పర్షియా, చైనా, రష్యా, ఇంగ్లండ్, మొరాకో ఇలా. మధ్యాహ్నం ఇంగ్లండ్‌లో భోంచేసి సాయంత్రం పర్షియాకి నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకోవచ్చు. పక్కనే చైనా సరుకుల డ్రాగన్ మార్ట్, ఆ కాస్త ఆవల మొక్కలమ్మే నర్సరీలు. కింది కిరాణా కొట్లో ఒకే అలమరలో శనగపిండి, పాకిస్తాన్ నుంచి ముల్తానీ మట్టి, ఇరాన్ గులాబీ నీళ్ళు, మలయాళీల కోసం కస్తూరి పసుపు, వీటన్నిటి పక్కన ఆకుపచ్చటి పొడి ఒకటి. అది సిద్ర్ ఆకు.

సిద్ర్ అంటే మన రేగు జాతి చెట్టే. ఎడారి తట్టుకుంటుంది. ఆకులు ఎండబెట్టి పొడి చేసి నీళ్ళు కలిపి గిలకొడితే నురగ వస్తుంది. ఇక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా దానితోనే తల రుద్దుకున్నారు. ముస్లిములు చనిపోయినవారికి చేయించే చివరి స్నానంలోనూ ఆ ఆకు నీళ్ళు వాడతారు. ఆ పొడి నీళ్ళల్లో కలిపి చూసినప్పుడు నాకు కుంకుడుకాయ పులుసు గుర్తొచ్చింది. కుంకుడు చెట్టు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సపిండస్. విడదీస్తే 'ఇండియా సబ్బు' అని అర్థం. ఎవరి ఊళ్ళో ఏ చెట్టులో నురగ ఉంటే వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అన్నట్టు సబ్బు అన్న మాట కూడా మనది కాదు. అరబ్బీలో సాబూన్, పోర్చుగీసులో సబావ్, ఓడలెక్కి వచ్చిన మాట. షాంపూ మాత్రం ఎదురు ప్రయాణం చేసింది. ఒళ్ళు పట్టడాన్ని హిందీలో చాంపడం అంటారు. పాట్నా నుంచి వెళ్ళిన షేక్ దీన్ మహమ్మద్ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఆ మాటని ఇంగ్లీషు వాళ్ళ నాలుక మీద ఎక్కించాడు. వాళ్ళు దాన్ని సీసాలో పోసి మళ్ళీ మనకే అమ్మారు.

డేరా క్రీక్ ఒడ్డున సుగంధ ద్రవ్యాల సూక్‌కి వెళ్తే ఈ రాకపోకలు ఎంత పాతవో కళ్ళకి కడతాయి. ఇక్కడ 1966 దాకా చెలామణీ అయింది మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు వేరే రూపాయి అచ్చేసింది. పసుపు బస్తాలు దిగే తీరానికే మనుషులూ దిగారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ లేని లేబర్ క్యాంపు ఉండదేమో. ఆ రెండు జిల్లాలూ పసుపుకి పెట్టింది పేరు. పంటకి ధర రాని ఏడు వీసా కాగితాలకి అప్పు చేసినవాళ్ళ కథలు ఇక్కడ ఏ శుక్రవారమైనా వినొచ్చు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కావాలని, మద్దతు ధర కావాలని నిజామాబాద్ రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగు కేంద్రంలో 12 యంత్రాలు వరసగా పేర్చాల్సొచ్చింది. బోర్డు చివరికి 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో మొదలైంది. ముప్ఫై రెండు పుస్తకాలు చూపించి పసుపు మనదేనని అమెరికాలో గెలిచిన తర్వాత, దాన్ని పండించేవాడు తన ఇంట్లో తన మాట వినిపించుకోడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిందన్నమాట.

మళ్ళీ చర్మం దగ్గరికొద్దాం. సున్నిపిండి ఉద్యోగం ఊడగొట్టింది సబ్బు. లీవర్ వాళ్ళ సన్‌లైట్ పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. మొదట్లో మన ఇళ్ళు అంత సులువుగా లొంగలేదు, సబ్బులో జంతువుల కొవ్వు ఉంటుందని భయం. ఆ భయాన్ని తీర్చడానికే గోద్రెజ్ వాళ్ళు 1918 ప్రాంతంలో వట్టి నూనెగింజలతో సబ్బు చేశారు. 1916లో మైసూరు మహారాజా బెంగుళూరులో పెట్టించిన కర్మాగారం నుంచి గంధపు సబ్బు వచ్చింది. ఆ తర్వాత పెరడు పోయింది. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో ఇదే అసలు కారణం. నలుగు పెట్టుకోడానికి గచ్చు కావాలి, గంగాళం నిండా నీళ్ళు కావాలి, పిండి కొట్టుకుపోయి అరటిచెట్టు మొదట్లో చేరాలి. ఫ్లాటులో అది పైపులో చేరుతుంది. మా బిల్డింగు మెయింటెనెన్స్ వాళ్ళు దీపావళి మర్నాడు తీసిన పిండిముద్దని చూసి 'ఇదేమన్నా సిమెంటా సార్' అని అడిగారు. వాళ్ళ తప్పేం లేదు.

ఉద్యోగం పోయిన సున్నిపిండికి రెండో జన్మ వ్యాపారంలో దొరికింది. 1985లో పసుపూ గంధమూ కలిపామంటూ సంతూర్ వచ్చింది. ఆంధ్ర దేశంలో ఆ సబ్బు ఎంత పాకిందో మీకు నేను చెప్పాలా? దాన్ని చేసింది విప్రో. అవును, మనలో సగం మందిని విమానం ఎక్కించిన విప్రోయే. 1945లో అమల్నేర్‌లో వంటనూనెల కంపెనీగా పుట్టి, సబ్బు మీదుగా సాఫ్ట్‌వేర్‌కి వచ్చింది. నన్నడిగితే అమ్మమ్మ విద్యని ప్యాకెట్‌లో పెట్టి అమ్మడంలో వాళ్ళ చెయ్యి అక్కడే తిరిగింది. ఇక విక్కో వాళ్ళ పసుపు క్రీము కథ ఇంకా రంజైనది. అది సౌందర్య సాధనమా, ఆయుర్వేద ఔషధమా? సౌందర్యమైతే పన్ను ఎక్కువ, మందైతే తక్కువ. ఎక్సైజు శాఖకీ కంపెనీకీ ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మందేనని కంపెనీ గెలిచింది. పెద్దమ్మమ్మని అడిగి ఉంటే పసుపు ఈ రెండూ కాదని చెప్పి ఉండేది.

ఇంకో జన్మ వారపత్రికల్లో. 'వంటింటి చిట్కాలు', 'అందానికి పది సూత్రాలు' చదవని తెలుగిల్లు లేదు. మొహానికి టమాటా గుజ్జు, బంగాళదుంప రసం, బొప్పాయి ముక్క... వీటన్నిటికీ పైన శీర్షిక మాత్రం 'అమ్మమ్మల కాలం నాటివి'. ఈ మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చిన పంటలు. పోర్చుగీసువాళ్ళ పుణ్యమా అని సముద్రం దాటాయి. మా అమ్మమ్మ చిన్నప్పుడు టమాటాని సీమవంకాయ అని అనుమానంగా చూసేవారట, దాన్ని మొహానికి రుద్దుకోవడం సంగతి దేవుడెరుగు. అయితే నా అసలు అభ్యంతరం చరిత్ర తేదీల గురించి కాదు. ఆ చిట్కాలన్నిటి చివరా వచ్చే ఒకే ఒక్క వాగ్దానం గురించి: తెల్లబడతారు.

పెద్దమ్మమ్మ నోట ఆ మాట నేను వినలేదు. 'జిడ్డు పోతుంది', 'చెమటకాయలు రావు', 'ఒళ్ళు తేలికపడుతుంది' - ఇవే. తెలుపు మీద మోజు అప్పుడు లేదని అబద్ధం చెప్పను. పెళ్ళిచూపుల్లో 'చామనఛాయ' అన్న మాట బరువు మనకి తెలుసు. కానీ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చాక ఆ మోజుకి ఒక ట్యూబు, ఒక ధర, వారాల లెక్కన ఒక గడువు ఏర్పడ్డాయి. చిట్కాలు కూడా ఆ భాషే నేర్చుకున్నాయి. జిడ్డు తీసే పిండి రంగు తీసే పిండి అయి కూర్చుంది. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. చిట్కాల్లోంచి ఎవరు తీస్తారు? క్రీము మీద కోపంతో వంటింటికి మళ్ళినవాళ్ళు కూడా, చూడండి, అదే కోరికని గిన్నెలో కలుపుకుంటున్నారు. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటూనే ఉంది. పిండి దానికన్నా వెయ్యి రెట్లు మేలు, ఒప్పుకుంటాను. కానీ పిండిలో పడేవన్నీ అమాయకమైనవి కావు.

పసుపునే తీసుకోండి. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకి పంట తడిసి రంగు తగ్గితే, మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పట్టించడం మొదలుపెట్టారు. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాన్ని బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుకుని ఆపించింది. మరీ పచ్చగా మెరిసే పొడి చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి వెనక్కి వస్తుంది. కొమ్ములు కొని కొట్టించుకోవడమే నయం.

నిమ్మరసం ఇంకా సూటి ప్రమాదం. నిమ్మజాతి కాయల్లో, అందులోనూ పచ్చ నిమ్మకాయల్లో ఫ్యూరోకూమరిన్లని ఉంటాయి. చర్మం మీద అవి ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేచి, నెలల తరబడి నల్లటి మచ్చ నిలిచిపోతుంది. తెల్లబడదామని రాసుకుంటే నల్లబడడం. జూన్ నెలలో ఇక్కడ 45 డిగ్రీల ఎండ. చన్నీళ్ళ పంపు తిప్పితే వేణ్ణీళ్ళొచ్చే రోజులు. అలాంటి చోట నిమ్మరసం, తేనె పూసుకుని బస్టాపులో నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

మన సున్నిపిండిలోనూ అలాంటిది ఒకటి ఉంది. బావంచాలు. నల్లటి చిన్న గింజలు, ఘాటైన వాసన. వాటిలో సొరాలెన్ ఉంది. బొల్లి మచ్చలకి బావంచాలు వాడమని ఆయుర్వేదం ఎప్పుడో చెప్పింది. ఇక్కడి అరబ్బు వైద్యులు అదే జబ్బుకి, అదే గుణమున్న మరో మొక్కని వాడారు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ అల్ బైతార్ దాని గింజలు ఇచ్చి రోగిని ఎండలో కూర్చోబెట్టమని రాశాడు. 1940లలో ఈజిప్టులో ఎల్ మొఫ్టీ అనే వైద్యుడు ఆ దారి పట్టుకుని మందు తేల్చాడు. 1974లో హార్వర్డ్ వైద్యులు దానికి అతినీలలోహిత దీపం జోడించి సోరియాసిస్‌కి వైద్యం చేశారు. ఇంతమంది ఇంత శ్రమపడి తెలుసుకున్నది ఒక్కటే: ఈ గింజ చర్మాన్ని ఎండకి మెత్తబరుస్తుంది, కొలత తప్పితే కాలుస్తుంది. మా ఇంట్లో దాన్ని పిడికెడుకి మించి వేసేవారు కాదు, స్నానం తెల్లారకముందే, పైగా గంగాళాల కొద్దీ నీళ్ళతో కడిగేసేవారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ పిడికెడు ఎవరి పిడికెడో కూడా ఎవరూ రాయలేదు.

అందుకని ఈ మధ్య అమ్మకి ఫోన్ చేసి, ఇదంతా కాగితం మీద పెట్టాను. చిక్కు కొలతల దగ్గర వచ్చింది. మన దేశం మెట్రిక్ పద్ధతికి మారి అరవై ఏళ్ళు దాటినా అమ్మ లెక్క సోలల్లోనూ గిద్దెల్లోనూ ఉంది. మా ఊరి సోల వేరు, మా అత్తగారి ఊరి సోల వేరు. చివరికి ఇంట్లో ఉన్న ఇత్తడి సోలతో పెసలు కొలిచి, కూరల కొట్టు త్రాసు మీద తూయించి చెప్పమన్నాను. తిట్టుకుంటూనే చేసింది. పెసలు రెండు సోలలు, శనగపప్పు సోల, బియ్యం గిద్దె, మెంతులు అర గిద్దె, వట్టివేళ్ళు ఒక కట్ట, గంధకచ్చూరాలు పది, ఎండిన నారింజ తొక్కలు ఉంటే వెయ్యి, లేకపోతే లేదు. అన్నీ రెండు రోజులు ఎండాలి. పసుపు మాత్రం అన్నీ పట్టి, జల్లించాక, ఆఖర్న.

కొమ్ములు కూడా వాటితోనే వేసి ఆడిస్తే సమంగా కలుస్తాయి కదా, ఆఖర్న ఎందుకని అడిగాను.

"పెద్దమ్మమ్మకి ముందు తియ్యాలి కదరా" అంది. పెద్దమ్మమ్మ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.

బావంచాలు నేను వెయ్యలేదు. ఇక్కడి ఎండకి వద్దనిపించింది. మిగతావన్నీ ఇంటర్నేషనల్ సిటీ కొట్లలో దొరికాయి, వట్టివేళ్ళు తప్ప. అవి అమ్మ కొరియర్లో పంపింది. మిక్సీలో ఆడిస్తే బరకగానే వస్తుంది, పిల్లలకైతే పల్చటి గుడ్డలో రెండుసార్లు జల్లించాలి. తడి చెయ్యి తగలకపోతే గాజు సీసాలో ఆరు నెలలు నిలవ ఉంటుంది. స్నానాల గదిలో తూము మీద పాత చీర ముక్క పరవడం మర్చిపోకండి.